సూది దిగని రోడ్డు

జిల్లేడువలసలో నీలాద్రి, గౌరీసు అని అన్నదమ్ములు. తెలివంతా దేవుడు తమ ఇంట్లోనే పోసి తాళం వేశాడని వాళ్ళ నమ్మకం. ఆ తాళం ఇంతవరకూ ఎవరూ తియ్యలేదని ఊళ్ళోవాళ్ళ నమ్మకం.

అలాంటి వాళ్ళకి తారు రోడ్డు కాంట్రాక్టు వచ్చింది. ఎలా వచ్చిందని అడక్కండి, అన్ని కాంట్రాక్టులూ ఎలా వస్తాయో అలాగే వచ్చింది. రోడ్డు బాగుంటే ఊళ్ళోకి రోజూ బస్సు వేస్తారట. లేదంటే మళ్ళీ కొండ చుట్టూ నడకే. వాళ్ళమ్మ పైడమ్మ మోకాళ్ళు ఎప్పుడో పోయాయి. పాపం, ఆ బస్సు కోసం కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తోంది.

ఇంజనీరు గారు వచ్చి చెప్పాడు: "తారుని చల్లటి నీళ్ళలో ఉంచి, సూది గుచ్చి చూడండి. మన ఎండలకి గట్టి తారు కావాలి. సూది బాగా దిగిందంటే అది పనికిరాదు. వేశాక గట్టిపడేదాకా ఎవర్నీ కాలు పెట్టనివ్వకండి. మొదటి బస్సులో నేనే వస్తాను."

అంతే. గౌరీసు సూది గుచ్చాడు. సర్రున దిగింది.

"అన్నియ్యా, దిగిపోతంది!"

"అయితే దిగని సూది తేరా!"

దబ్బనం తెచ్చాడు, దిగింది. గరిటె కాడ దిగింది. చివరికి రోట్లో పొత్రం తెచ్చి నిలబెడితే కదల్లేదు. "అద్గదీ, గట్టి తారంటే!" అని ఊరంతా వేసేశారు.

మధ్యాహ్నం ఎండకి రోడ్డు పాకంలా కరిగింది. గౌరీసు నెత్తి కొట్టుకున్నాడు. "చల్లటి నీళ్ళలో ఉంచమన్నారు కదా, రోడ్డుని ఉంచనేదు!"

ఇంకేముంది, కాలవకి గండి కొట్టి రోడ్డు మీదికి మళ్ళించారు. అప్పుడే వచ్చింది బస్సు. నీళ్ళలో కొంతదూరం నడిచి, చక్రాలు తారులో కూరుకుపోయి ఆగిపోయింది.

ఇంజనీరు గారు దిగబోతే నీలాద్రి కర్ర అడ్డం పెట్టాడు. "కాలెట్టకండి బాబూ! గట్టిపడేదాకా ఎవర్నీ పెట్టనివ్వొద్దని ఇంజనీరు గారి ఆర్డరు!"

"ఆ ఇంజనీర్ని నేనేనయ్యా!"

"మరి మీ మాట మీరే తప్పేత్తే ఎలగండీ?"

పైడమ్మ కుంటుతూ వచ్చి గొల్లుమంది. "ఇంక బస్సు రాదేంట్రా?"

"ఎందుకేడుత్తావే అమ్మా! రోజూ బస్సుండాలన్నావు కదా? ఇది రోజూ ఇక్కడే ఉంటాది!" అన్నాడు నీలాద్రి.

పైడమ్మ మురిసిపోయింది. కొడుకులు నిచ్చెన అడ్డంగా పరిచి, తారు తగలకుండా ఆమెని బస్సెక్కించారు. ఇంజనీరు గారు ఆ నిచ్చెన మీదే దిగబోయాడు. గౌరీసు గబుక్కున లాగేశాడు. "ఇది ఎక్కడానికేసింది బాబూ!"

పైడమ్మ కిటికీ పక్కన సర్దుకుని కూర్చుంది. ఇంజనీరు గారి వైపు తిరిగి, "పట్నం వచ్చినప్పుడు లేపు నాయనా" అని కళ్ళు మూసుకుంది.