చిలకనడగని పంజరం

అనగనగా ఒక రాజు. ఊఁ కొట్టండర్రా, మధ్యలో నిద్రపోతే నాకు చెడ్డ కోపం! ఆ రాజు పేరు మేఘకేతువు. ఆయనకి ముగ్గురు కొడుకులు. చిన్నవాడు జయంతుడి పెళ్ళి జరుగుతోంది. పెళ్ళికూతురు మణిమంజరి తలమీద జీలకర్ర బెల్లం పెట్టబోయేసరికి కరాళుడనే మాంత్రికుడు ఊడిపడ్డాడు. "నన్ను పిలవకుండా పెళ్ళా?" అని మంత్రం వేశాడు. అంతే, పీటల మీది పిల్ల రాయైపోయింది!

వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల దీవిలో ఒక చిలకలో ఉంది. ఆ చిలకని ప్రాణంతో పట్టి తెస్తే వాడు దారికొస్తాడు. దారిలో అది చచ్చిందో, వాడూ చస్తాడు. ఇక మంత్రం విప్పేవాడు లేక మణిమంజరి ఎప్పటికీ రాయే. అందుకని ముందు మంచి పంజరం కావాలి.

ముగ్గురన్నదమ్ములూ మూడు పంజరాలు చేశారు. పెద్దవాడిది బంగారం, రెండోవాడిది ఇనుము, జయంతుడిది వెదురు. రాజు సభ పిలిచి, "ఏది పనికొస్తుందో పరీక్షించి చెప్పండి" అన్నాడు.

ఇక చూడండి గందరగోళం! సేనాపతి ఇనుపదాన్ని ఏనుగుచేత తొక్కించాడు. చెక్కుచెదరలేదు. కంసాలి బంగారపుదాన్ని గీటురాయి మీద గీసి, మేలిమి అన్నాడు. పురోహితుడు వెదురుదానికి వాస్తు చూసి, "తూర్పు ద్వారం, దివ్యంగా ఉంది" అన్నాడు.

"ఇంతకీ ఏది నెగ్గిందయ్యా?" అన్నాడు రాజు.

"మూడూ నెగ్గాయి మహాప్రభో!"

రాజు తల పట్టుకున్నాడు. మంత్రి తల గోక్కున్నాడు. జయంతుడికైతే బుర్ర తిరిగిపోయింది. మూడూ మంచివే అయితే దేన్ని నమ్ముకుని వెళ్ళాలి? నన్నడిగినా నాకూ తెలీదర్రా.

అప్పుడు అంతఃపురంలో పెరిగిన ముసలి చిలక దూలం మీంచి అరిచింది. "మీ తెలివి తెల్లారినట్టే ఉంది! పంజరం ఏనుగుకా, కంసాలికా? ఒక్కరైనా లోపల చిలకని పెట్టి చూశారా?"

సభంతా నోరెళ్ళబెట్టింది. "అయితే నువ్వే దూరి చూడు అవ్వా" అన్నాడు జయంతుడు.

దూరింది. బంగారపు పంజరంలో కాళ్ళు జారి మూడుసార్లు బోర్లా పడింది. ఇనుపదాన్ని ఎండలో పెడితే పెనంలా కాలి, "చచ్చాన్రోయ్!" అని కేకలు పెట్టింది. వెదురుదాన్ని తాంబూలం నమిలేంతలో కొరికేసి, జయంతుడి నెత్తిమీద వచ్చి కూచుంది.

మూడూ ఓడాయి! జయంతుడికి ఏడుపొచ్చింది. "మరి నీకేం కావాలి అవ్వా?" అన్నాడు.

"ఇన్నాళ్ళకి అడిగావా నాయనా! కూచోడానికి వేపకొమ్మ. నెత్తిన నీడ. మాట్లాడ్డానికి తోడు."

జయంతుడు ఇనుప పంజరంలోనే వేపకొమ్మ కట్టి, పైన తడిగుడ్డ కప్పాడు. అవ్వని లోపల పెట్టి మూడు రోజులు ఏట్లో పడవమీద తిప్పాడు. మొదటిరోజు తిట్టింది, రెండోరోజు గొణిగింది, మూడోరోజు హాయిగా జామపండు తింది. అప్పుడు లంగరెత్తాడు.

ఏడు సముద్రాలూ దాటారు. దీవిలో అవ్వ కబుర్లు చెప్పి మాంత్రికుడి చిలకని కిందికి దింపితే, జయంతుడు ఒడిసి పట్టాడు. అది బెంగతో గింజ ముట్టకపోతే అవ్వే బతిమాలి తినిపించింది. అలా ప్రాణంతో తెచ్చారు.

కరాళుడు లబోదిబోమంటూ వచ్చాడు. ఇక మంత్రాల జోలికి పోనని తన ప్రాణం మీద ఒట్టేసి, మంత్రం విప్పాడు. మణిమంజరి కళ్ళు నులుముకుని, "ఏమిటిదంతా? ముహూర్తం దాటిపోయిందా?" అంది. జయంతుడు ఆనందం పట్టలేక ఏడ్చేశాడు.

పెళ్ళయింది. అన్నలే జయంతుడికి పట్టం కట్టారు. అరవై ఏళ్ళు చల్లగా ఏలాడు. కానీ పెళ్ళిరోజు మాటొకటి ఉంది, అది చెప్పి ఆపుతాను. జయంతుడు మాంత్రికుడి చిలక దగ్గరికెళ్ళి గర్వంగా అడిగాడు.

"ఎలా ఉంది నా పంజరం?"

"కొమ్మ బాగుంది. నీడ బాగుంది. తోడు బాగుంది."

"మరింకేం లోటు?"

"తలుపు నాయనా. మూసుంది."

జయంతుడు తెల్లబోయాడు. ఆ సంగతి తనకెందుకు తట్టలేదో ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. తలుపు తీశాడు. చిలక తుర్రుమంది. "నా ప్రాణం, నా ప్రాణం!" అంటూ కరాళుడు దాని వెనకే అడవులు పట్టుకుని పరిగెత్తాడు.