అరచేతిలో మాత్ర

డాక్టర్ ఇలియాస్ ఒకసారి తొందరపడ్డాడు. మూత్ర పరీక్ష ఫలితం రాకముందే ఒక పెద్దాయనకు ప్రొస్టేట్ ఆపరేషన్ చేశాడు. ఆ సాయంత్రమే మూత్రంలోని ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి పెద్దాయనకు చలిజ్వరం ముంచుకొచ్చింది. చావు అంచుదాకా వెళ్లి ఎలాగో బయటపడ్డాడు. ఇలియాస్‌కు మాత్రం ఆ వణుకు వదల్లేదు.

అప్పట్నుంచి యాంటీబయాటిక్స్ రాయడంలో అతని చేతికి ఎముక లేకుండా పోయింది.

అదే ఆపరేషన్‌కు వచ్చిన లారీ డ్రైవరు వీరాస్వామికి అన్ని పరీక్షలూ చేయించాడు. మూత్రంలో ఏ దోషమూ లేదు. కత్తి పెట్టడానికి ముందు ఇవ్వాల్సిన యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఆపరేషన్ ఏ ఇబ్బందీ లేకుండా జరిగింది. అయినా ఇలియాస్ వారానికి సరిపడా మాత్రలు రాశాడు.

మూడోనాడు అతని గురువు డాక్టర్ కరుణాకరంగారు వార్డుకు వచ్చారు. వీరాస్వామి మంచంమీద తోటకూర కాడలా వాలిపోయి ఉన్నాడు.

"ఎలా ఉంది వీరాస్వామీ?"

"ఆపరేషన్ బాగానే ఉందండి. కడుపే నిలవట్లేదు. ఈ మూత్రం గొట్టం పట్టుకుని బాత్రూంకి తిరగడమే సరిపోతందండి."

కరుణాకరంగారు అతని పొట్ట నొక్కి చూశారు. జ్వరం లేదు. ఓఆర్ఎస్ పట్టించమని నర్సుకు చెప్పి, ఇలియాస్‌ను కిటికీ దగ్గరికి పిలిచారు.

"ఆయన కడుపు పాడుచేసిన ఈ మాత్రలు దేనికయ్యా?"

"జాగ్రత్త కోసం సార్."

"ఆ జాగ్రత్త కత్తి పెట్టకముందే తీసుకున్నావుగా?"

"తీసుకున్నాను సార్. కానీ మొన్నటి పెద్దాయన కళ్లముందు మెదుల్తున్నాడు. మళ్లీ అలా జరిగితే తట్టుకోలేను."

కరుణాకరంగారు మందుల అట్టలోంచి ఒక మాత్ర నొక్కి తీసి, ఇలియాస్ అరచేతిలో పెట్టారు. గ్లాసుతో నీళ్లు కూడా అందించారు.

"వేసుకో."

ఇలియాస్ తెల్లబోయాడు. "నాకెందుకు సార్? నాకే జబ్బూ లేదే."

"ఆయనకుందా? భయం నీది. మింగుతున్నది ఆయన."

ఇలియాస్‌కు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"మరి ఈ భయాన్నేం చేసుకోను సార్?"

కరుణాకరంగారు మంచం కిందనున్న స్టూలును బయటికి లాగి, వీరాస్వామి తలవైపు వేశారు. తర్వాత పక్క వార్డుకు వెళ్లిపోయారు.

ఇలియాస్ మాత్రలు ఆపమని నర్సుకు చెప్పి, వచ్చి స్టూలుమీద కూర్చున్నాడు.

"ఏంటండీ డాక్టరుగారూ, తమరిక్కడ కూర్చున్నారు?" అన్నాడు వీరాస్వామి.

"ఊరికే. మీరు పడుకోండి."

మాత్ర ఇంకా ఎడమ చేతిలోనే ఉంది. కుడిచేయి వీరాస్వామి నుదుటిమీద పెట్టి చూశాడు. చల్లగా ఉంది.