ముప్పై గడపల గుట్ట

బయలుదేరేనాటికి జీళ్ళవాడి దగ్గర నలభై కాసులున్నాయి. వాటితో పాటు ఒక ఇనప మూకుడు, బెల్లప్పాకం తగిలించి లాగడానికి ఒక పెద్ద మేకు, రెండు జతల బట్టలు. వయసులో కుర్రవాడు, లెక్కలో చురుకు. కాసు బెల్లంతో జీళ్ళు చేస్తే కింద ఊళ్ళలో కాసున్నర వస్తుంది. గుట్ట మీద మూడు కాసులు వస్తాయి. అతని ప్రయాణం ఈ ఒక్క లెక్కలోంచే పుట్టింది.

గుట్ట మాట ఆ దేశంలో తెలియనివాళ్ళు లేరు. సంతరోజు వస్తే చాలు, పైనుంచి టముకు వినిపించేది. "రండి, పైకి రండి! ఎక్కి వచ్చినవాడికి అరుగు ఇస్తాం!" అరుగంటే కూర్చుని సరుకు అమ్ముకునే చోటు. దానికి అద్దె లేదు, గడువు లేదు. ఎవరి కొడుకువని అడగరు. ఎక్కి రావడమొక్కటే షరతు. ఆ మాట నిలబెట్టుకోవడానికే గుట్టమీది పూర్వులు మూడు వందల మెట్లు కట్టించారు. ముసలివాళ్ళూ చంటిబిడ్డల తల్లులూ కూడా ఎక్కాలని ఒక్కో మెట్టూ నాలుగు వేళ్ళ ఎత్తే పెట్టించారు.

జీళ్ళవాడు గుట్ట కిందికి చేరి చూస్తే, మొదటి మెట్టు అతని తల కంటే పైన ఉంది. దాని కిందంతా పట్టు దొరకని మట్టిగట్టు.

"మెట్లేవీ?" అన్నాడు.

"కనబడట్లా? అవిగో, పైన," అన్నాడు గట్టుకి ఆనుకుని కూర్చున్న భుజాలాయన. అక్కడ భుజాలు అద్దెకిచ్చి బతికేవాళ్ళని అలాగే పిలుస్తారు. "నా మీద నిలబడితే మెట్టు నీ నడుం దగ్గరికొస్తుంది. పది కాసులు."

"పదా! ఒక్కో భుజానికా, రెంటికీ కలిపా?"

"రెంటికీ కలిపే. తల మీద కాలు పెడితే మాత్రం వేరే."

జీళ్ళవాడు ఐదు రోజులు బేరమాడాడు. రోజుకో కాసు పూటకూళ్ళకి పోయింది. ఐదు కాసులు ఖర్చుపెట్టి రెండు కాసులు తగ్గించుకోవాలనుకోవడం తెలివి కాదని ఆరోనాడు తట్టింది. అప్పటికి ఇద్దరికీ స్నేహం కలిసింది.

"ఈ మెట్టు ఇంత ఎత్తుకెలా పోయింది, బాబాయ్?"

"నేల కుంగుతోందంటారు కొందరు. మనుషులే పొట్టివాళ్ళవుతున్నారంటారు ఇంకొందరు. నేనొచ్చినప్పుడు నడుమెత్తుండేది."

"మరప్పుడే ఎక్కకపోయావా?"

"ఎక్కబోయానురా అబ్బాయ్. వెనకాల ఒకావిడ వచ్చి, 'తమ్ముడూ, కాస్త వంగు' అంది. వంగాను. చేతిలో కాసు పెట్టింది. కాళ్ళకి ఇంతేసి కడియాలు! ఇదిగో, మచ్చ ఇంకా పోలేదు." ఎడమ భుజం తిప్పి చూపించాడు. "వంగితే కాసు వస్తోంది కదా, నాలుగు కాసులు చూసుకుని రేపెక్కుదాంలే అనుకున్నా. రేపటికి మెట్టు ఛాతీ దగ్గరుంది."

జీళ్ళవాడు పది కాసులూ అతని చేతిలో పెట్టి, మూకుడు వీపుకి కట్టుకుని, భుజం మీద కాలు మోపాడు. ఎక్కేటప్పుడు పైకి లెక్కపెట్టుకోవడం అతనికలవాటు.

"ఒకటి," అన్నాడు.

కింద నవ్వు వినిపించింది. "నన్ను కూడా లెక్కేశావట్రా?"

"కాలు పెట్టాక లెక్కలోదే కదా, బాబాయ్!"

"సరేలే. అరుగు దొరికితే రెండు జీళ్ళు కిందికి విసురు."

"రెండు," అంటూ జీళ్ళవాడు మెట్టు మీదికి పాకాడు.

పైకి చేరేసరికి లెక్క రెండు వందల డెబ్భై ఒకటికి వచ్చి ఆగింది. మొదటి ఇంటిముందు ఒక అవ్వ గడపకి పసుపు రాస్తోంది. ఆ ఊరికి ఆవిడే పెద్ద. అతన్ని చూడగానే ముఖం విప్పారింది.

"వచ్చావా నాయనా! మూడు వందల మెట్లు ఎక్కొచ్చావు, ముందు మజ్జిగ తాగు."

మజ్జిగ చల్లగా ఉంది. అరుగు కూడా చూపించారు. నీడ పట్టున, నలుగురూ నడిచే దారి పక్కన ఉంది. జీళ్ళవాడు మేకు ఎక్కడ దిగ్గొట్టాలో కూడా చూసుకున్నాడు. టముకు అబద్ధం చెప్పలేదు.

"గడప వేసుకుంటే ఇది నీదే," అంది అవ్వ. "గడప లేనిది ఇల్లు కాదు. ఇల్లు లేనివాడికి అరుగు ఇవ్వం."

"గడప ఎక్కడ దొరుకుతుందవ్వా?"

"దొరకడమేమిటి! నువ్వు మొదట కాలు పెట్టిన మెట్టే నీ గడప. మనల్ని పైకి తెచ్చిన రాయిని అందరూ తొక్కేచోట వదిలేస్తామా? తెచ్చుకుని, పసుపు రాసి, బొట్టు పెట్టుకుంటాం. ఇక దాన్ని ఎవరూ తొక్కకూడదు, దాటాలి. ఇదిగో, ఇది నాది." పసుపు చేత్తోనే రాయిని నిమిరింది. "నేను ఒంటరిగా వచ్చాను నాయనా. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. ఈ కాలప్పిల్లలకి మోకాళ్ళలో సత్తువ లేదు. ఎంత టముకు వేసినా రావడం లేదు."

ఆవిడ లేచి నిలబడుతుంటే కాళ్ళకి కడియాలు గల్లుమన్నాయి. చెయ్యి పట్టుకోకపోవడం నిజమే అయ్యుంటుంది, అనుకున్నాడు జీళ్ళవాడు.

ఊరంతా ఒకసారి తిరిగొచ్చాడు. ముప్పై గడపలు. అన్నీ ఒకే కొలత రాళ్ళు, నాలుగు వేళ్ళ మందం. అన్నిటి మీదా పసుపు పచ్చగా మెరుస్తోంది. ఒక్కటీ దొంగ సొమ్ము కాదు. ఒక్కో రాయినీ ఒక్కో మనిషి చేతులు జోడించి తెచ్చుకున్నాడు. కింద నేల కుంగలేదు.

ఎక్కినవి రెండు వందల డెబ్భై ఒకటి. గడపలు ముప్పై. కలిపితే మూడు వందల ఒకటి.

ఒకటి ఎక్కువొచ్చింది. అతని లెక్క ఎప్పుడూ తప్పదు. అరుగు అంచున కూర్చుని మళ్ళీ మొదట్నుంచి వేశాడు. ఒకటి అన్నప్పుడు కాలికింద ఏముందో అప్పుడు గుర్తొచ్చింది.

అవ్వ ఒక గునపం, ఒక మోకుతాడు తెచ్చి అతని ముందు పెట్టింది. "పొద్దు వాలకముందే తెచ్చుకో. అలా కూర్చుంటే అరుగు రాదు."

"మొదట కాలు పెట్టిందే తేవాలా అవ్వా? రెండోది తెస్తే?"

"పనికిరాదు. ఆచారం ఆచారమే."

"మరీ బరువుంటే?"

"ఎంత బరువైనా సరే, తేవాల్సిందే."

"తెచ్చాక దాన్నెవరూ తొక్కకూడదు కదా?"

"ఎంత మాట! పండక్కి కొత్త బట్ట కూడా కప్పుతాం."

జీళ్ళవాడు నవ్వాడు.

"ఎందుకురా నవ్వు?"

"లెక్క కుదిరిందవ్వా."

గునపం ఆవిడకే తిరిగిచ్చేశాడు. మోకు మాత్రం భుజానికి తగిలించుకున్నాడు. "రాయి పెకలించడానికి గునపం లేకపోతే ఎలాగరా?" అని అవ్వ అడుగుతూనే ఉంది.

మెట్ల పై అంచున నిలబడి కిందికి చూశాడు. అక్కణ్ణుంచి చూస్తే మెట్లన్నీ వరసగా, చక్కగా ఉన్నాయి. ఆఖరి మెట్టు కింద ఏమీ లేదన్నది పైకి కనబడదు.

వెనకాల టముకు మోగింది. "రండి, పైకి రండి!"

జీళ్ళవాడు మోకు సర్దుకుని, కిందికి దిగడానికి కాలెత్తాడు.