పసిమికీ మెరుగయ్యకీ మధ్య తెల్లగోడ

ఒకప్పుడు పన్ను అంచు విరిగితే, విరిగిన చెయ్యి అతుక్కున్నట్టే, అదీ మళ్ళీ తెల్లగా పూడుకునేది. ఆ రోజుల్లో ఒక చంటిపాప చిగుళ్ళ కింద, వెచ్చటి చీకట్లో, మొదటి పన్ను తయారవుతోంది.

దాన్ని కట్టేవాళ్ళు ఇద్దరు. లేత పసుపు రంగు లోపలిగోడ పసిమిది. పాలకన్నా తెల్లటి పైగోడ మెరుగయ్యది. ఇద్దరికీ మనువు ఖాయమైంది.

వాళ్ళ పనికి ఒక పద్ధతి ఉంది. ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గరగా, ఎదురెదురుగా నిలబడి మొదలుపెట్టాలి. ఒక వరస పెట్టగానే ఎవరి వైపుకి వాళ్ళు అడుగు వెనక్కి వెయ్యాలి. ఆమె లోపలికి, అతను బయటికి. గోడ మందమయ్యేకొద్దీ మనిషి దూరం. ప్రేమించుకున్నవాళ్ళకి ఇంతకన్నా పాడుపని ఉంటుందా?

అందుకే గోడలో సన్నటి సందు వదిలేవాళ్ళు. పన్ను చిగుళ్ళు దాటేలోపు పైగోడవాడు ఆ సందులోంచి లోపలి గదిలోకి దూరి కాపురం పెట్టేవాడు. పన్ను చిట్లితే అందులోంచే బయటికొచ్చి, బాగుచేసి, మళ్ళీ ఇల్లు చేరేవాడు.

పసిమి పనిచేస్తూనే సందుకి చెవి ఆనించేది. అవతల అతను కూనిరాగం తీస్తే ఆమె గదంతా వెన్నెలైపోయేది.

పని ముగిసే వేళకి నాలుక వచ్చింది. కుదురు లేనిది కదా, అన్నిటినీ తడుముతుంది. చిగుళ్ళ మీంచి తడిమి నవ్వింది.

"ఏమయ్యో మెరుగయ్యా, ఒంట్లో నీ గోడంత గట్టిది ఇంకోటి లేదంటారు. మరి ఆ బొక్కేంటి? అత్తారింటికి దొడ్డిదారా?"

అతనికి మాట గుచ్చుకుంది. సున్నం కలపడం మొదలుపెట్టాడు. పసిమి సందుకి నోరు ఆనించింది.

"పూడ్చకు మావా. నువ్వు రావాల్సిన దారి అది."

"లోకం చూసేది పైగోడనే పసిమీ. మచ్చలేకుండా చూడనీ. తర్వాత తవ్వుకుని వస్తాలే. నా గోడ నాకు లొంగదా?"

పూడ్చేశాడు. కూనిరాగం ఆగిపోయింది.

అంతలో పన్ను కదిలింది. చిగురు చీలి వెలుతురు పడింది. మెరుగయ్య గబగబా తవ్వబోయాడు. ఉలి మొండిబారింది. గోళ్ళు ఊడాయి. గోడ మీద గీత కూడా పడలేదు.

పాప తల్లి మురిసిపోయి ఉగ్గుగిన్నె ఆ పంటికి టకటకా తాకించి, అందర్నీ పిలిచి చూపించింది. పాప గుటక వేసింది. ఆ గుటకలో మెరుగయ్య కొట్టుకుపోయాడు. ఎవరూ చూడలేదు. అందరూ మెరుపునే చూశారు.

ఆ మచ్చలేని పన్ను చూసి తర్వాతి పళ్ళ పైగోడవాళ్ళంతా తమ సందులు పూడ్చుకున్నారు. వద్దని పసిమి లోపల్నుంచి అరిచింది. అంత మంచి గోడ, మాట బయటికి పోనిస్తుందా?

అప్పటినుంచే పంటి మీది తెల్లటి పింగాణీ విరిగినా, అరిగినా, పుచ్చినా మళ్ళీ పెరగదు. కట్టినవాడు లేడు. ప్రతి పంటి లోపలా ఒక పసిమి మాత్రం బతికే ఉంది. వరస పెట్టడం, వెనక్కి జరగడం తప్ప ఆమెకి ఇంకేం చేతకాదు. అందుకే వయసు మళ్ళేకొద్దీ పంటి లోపలి గది ఇరుకైపోతుంది. ఎప్పుడైనా పైగోడ పగిలితే, అతనే వచ్చాడనుకుని ఉలిక్కిపడి లేస్తుంది. మనకి పన్ను జివ్వుమంటుంది.

వచ్చింది చన్నీళ్ళు.