పోలి పెంచిన కుక్కపిల్ల

అనగనగా ఒక కొండ అడవిలో పోలి అనే కొండముచ్చు ఉండేది. దానికి సొంత పిల్లలు లేరు. కానీ మందలో ఎవరి పిల్ల ఏడ్చినా ముందు పోలే పరుగెత్తేది. ఒళ్ళో పడుకోబెట్టుకుని పేలు ఏరిందంటే ఎంత మొండి పిల్లయినా ఇట్టే నిద్రపోయేది.

ఒకనాడు బాట పక్కన ఒక గోనెసంచి కదులుతూ కనిపించింది. పోలి దాని మూతి విప్పింది. లోపల ఒక కుక్కపిల్ల! ఒళ్ళంతా గజ్జి. వెనక కాలు వాచిపోయింది.

"అయ్యో నా తల్లీ! ఎవరు పడేశారే నిన్ను?" అంటూ పోలి చెయ్యి చాచింది.

కుక్కపిల్ల ఆ చేతిని కసుక్కున కరిచి, ఈతపొదలోకి దూరిపోయింది.

పోలి తెల్లబోయింది. 'సంచి విప్పింది నేనే కదా, నన్నెందుకు కరిచింది?' అనుకుంది.

మర్నాడు తునికిపండ్లు తెచ్చి పొద ముందు పెట్టి, పక్కనే కూర్చుంది. కుక్కపిల్ల ముట్టలేదు. పోలి నీళ్ళు తాగి వచ్చేసరికి ఒక్క పండూ మిగల్లేదు! 'ఆకలి ఉంది. మరి నేనుంటే ఎందుకు తినదు?' పోలి బుర్ర గోక్కుంది.

ఆ తర్వాత, కుక్కపిల్ల కునుకు తీస్తుంటే మెల్లగా వెళ్ళి, చెవి వెనక పేలు ఏరబోయింది. కుక్కపిల్ల కెవ్వుమని అరిచి, భయంతో ఉచ్చ పోసేసుకుంది.

మంద పెద్ద గండప్ప ఇదంతా కొమ్మ మీంచి చూశాడు.

"పోలీ, కుక్కలు మనల్ని తరిమే జాతి. పైగా దానికి నువ్వంటేనే గిట్టదు. నీళ్ళ చెలమలు ఎండిపోయాయి, అవతలి కొండకు పోతున్నాం. దాన్ని వదిలేసి రా."

"అది తిట్టినా బాగుండేదన్నా, నా తప్పేంటో తెలిసేది. నాకేం పాలుపోవడం లేదు."

మంద కదిలింది. ఒంటరి కొండముచ్చును చిరుతపులి తేలిగ్గా పట్టేస్తుంది. ఆ సంగతి పోలికి తెలుసు. పోతున్న మంద వైపు చూసింది. పొద వైపు చూసింది. చివరికి పొద దగ్గరే చతికిలబడింది.

"నీకోసం ఆగిపోయానే. ఇప్పుడైనా చెప్పు, నేను చేసిన తప్పేంటి?"

పొదలోంచి సన్నగా మాట వచ్చింది. "చెయ్యి లేపావు."

"నిమరడానికే కదా!"

"నాకేం తెలుసు? లేపినప్పుడు అన్ని చేతులూ ఒకలాగే ఉంటాయి."

 నిమరకుండా ప్రేమ ఎలా చూపాలో పోలికి తెలియదు. అయినా చేతులు రెండూ ఒంటి కింద పెట్టుకుని, పొదకు వీపు తిప్పి కూర్చుంది. రోజూ పండ్లు పెట్టడం, అలాగే కూర్చోవడం. 'ఇలా ఊరికే కూర్చుంటే ఏమొస్తుంది?' అని ఎన్నోసార్లు అనుకుంది. లేచి మాత్రం పోలేదు.

ఒకనాటి పొద్దున వీపుకు వెచ్చగా ఏదో ఆనింది. పోలి ఊపిరి బిగబట్టింది.

"పెద్దమ్మా," అంది కుక్కపిల్ల, "చెవి వెనక దురద పెడుతోంది."

పోలి గోకింది. గోకుతూ గోకుతూ ఏడ్చింది.

వానలు పడ్డాయి. గజ్జి మానింది, కాలు బాగైంది. మంద తిరిగి వచ్చింది. ఆ సందడిలో ఒక పసికూన కొమ్మ జారి, సరిగ్గా కుక్కపిల్ల ముందు పడింది! తల్లి గొల్లుమంది. గండప్ప పళ్ళు బయటపెట్టాడు.

కుక్కపిల్ల దాని మీదికి దూకలేదు. వెల్లకిలా పడుకుని, కాళ్ళు ముడుచుకుని, కళ్ళు మూసుకుంది. వణుకుతున్న పసికూన దాన్ని వాసన చూసింది. తర్వాత దాని పొట్ట మీదికి ఎక్కి కూర్చుంది.

"ఇదేం కుక్కే! దీనికిదంతా ఎవరు నేర్పారు?" అన్నాడు గండప్ప అయోమయంగా.

"నాకూ తెలియదన్నా," అంది పోలి. "నేను ఊరికే కూర్చున్నానంతే."

నీతి: దెబ్బలు తిన్నవాళ్ళకు ప్రేమ కూడా మొదట దెబ్బలాగే కనిపిస్తుంది. వాళ్ళకు నమ్మకం కుదిరేదాకా ఓపికగా తోడుండాలి.