నూకాలు దిగితే నీళ్లు ఇంకుతాయట

ఒక జమీందారుగారి తెరచాప పడవకు డీజిల్ ఇంజను కూడా ఉండేది. ఒకనాడు నడి ఏట్లో గాలి పడిపోయింది. ఇంజను కాగిపోతోంది. దాన్ని చల్లబరిచే నీళ్లు ఎన్నిసార్లు పోసినా మాయమవుతున్నాయి. ఎటు పోతున్నాయో ఎవరికీ తెలియడం లేదు. పైగా వరద.

"ఆడది పడవెక్కింది, నీళ్లు ఇంకిపోతున్నాయి. దీన్ని ఆ ఇసుకదిబ్బ మీద దింపేయండి!" అన్నాడు జమీందారు, వంటమనిషి నూకాలును చూపిస్తూ.

దిబ్బ అప్పటికే సగం మునిగింది. నూకాలు దాని వంక చూసి, జమీందారు వైపు తిరిగింది.

"దిగుతాను దొరా. నా అడుగుకి నీళ్లు ఇంకేట్టయితే, పడవ అడుగున చేరిన నీళ్లు తోడలేక ఇద్దరు మగాళ్లు చస్తున్నారెందుకు? ముందు నన్ను ఆ నీళ్లలోకి దింపండి. అవీ ఇంకించి పోతాను."

కాదంటే తన మాటే తప్పవుతుంది. జమీందారు సరేనన్నాడు.

నూకాలు పడవ అడుగుకి దిగింది. అక్కడి నీళ్లు ఇంకలేదు. ఇంజను దగ్గరికి వెళ్లేకొద్దీ కాళ్లు చురుక్కుమన్నాయి. ఏటి నీళ్లకు ఇంత వేడెక్కడిది? నూకాలు తడిమి చూస్తే ఇంజను కింద నీళ్ల గొట్టం చీలి ఉంది. తడి చెంగు చుట్టి గట్టిగా అదిమి పట్టుకుంది.

"మీ నీళ్లు దొరికాయి దొరా! చీలిక నా గుప్పిట్లో ఉంది. దిబ్బ మీద దిగమంటే ఇప్పుడే వదిలేసి వస్తాను."

"వదలకు తల్లీ, వదలకు!" అని జమీందారు కేక పెట్టాడు.