ఆవల ఎవరున్నారని అడిగే గోడ

ఐగుప్తు దేశంలో సముద్రానికి చేరువగా, సరస్సు గట్టు మీద చిన్న రాతి మందిరం ఉంది. దాని నడుమ నిలువెత్తు గోడ కనిపిస్తుంది. రాయి చాలక కప్పు దాకా కట్టలేదని కొందరు యాత్రికులు అంటారు. అది పొరపాటు. మాట అటూ ఇటూ వినబడాలనే అలా వదిలారు.

పూర్వం ఇక్కడ యూదు జ్ఞానసాధకులు ఉండేవారు. ఇల్లూ వాకిలీ విడిచి వచ్చి, ఆరు రోజులు ఎవరి గదిలో వారు లేఖనాలను ధ్యానించి, పొద్దుగుంకాకే రొట్టె, ఉప్పు తినేవారు. ఏడవనాడు, విశ్రాంతి దినాన, పురుషులు గోడకు ఈవల, స్త్రీలు ఆవల కూర్చుని బోధ వినేవారు.

వారి బోధకుడు ఎల్యాషీబు కోపాన్ని జయించాడు, ఆకలిని జయించాడు. మిగిలింది మమకారం. విడిచి వచ్చిన ఇంటివారిని ఒక్కొక్కరినే మనసులోంచి తుడిచివేయడం అతడు పెట్టుకున్న సాధన. అది పూర్తయితే జ్ఞానం దక్కుతుందని గట్టిగా నమ్మాడు పాపం.

ఒక విశ్రాంతి దినాన అతడు లేచి, "సోదరులారా! ఈ ఉదయం నా భార్య ముఖం ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. నాకు విముక్తి కలిగింది" అని ప్రకటించాడు.

గోడ ఆవల నుంచి ఒక స్త్రీ పలికింది. "ముఖం పోతే పోయింది. గొంతైనా గుర్తుందా అండీ?"

సభ నివ్వెరపోయింది. బోధ నడుమ అక్కడ ఎవరూ నోరు మెదపరు. ఎల్యాషీబు గోడవైపు తిరిగాడు. అది అతని భార్య షెలోమీతు గొంతు.

"నువ్వా! ఎప్పుడొచ్చావు?"

"మీ వెనకే, ఆ ఏడే. మన పాప తిర్సాను వెంటబెట్టుకుని వచ్చాను."

"మరి ఇన్నాళ్లూ పలకలేదేం?"

"ఆవల ఎవరున్నారని మీరు ఒక్కనాడైనా అడిగారా? పిల్ల జ్వరంతో పోయింది. ఆ వారం మీరు మరణాన్ని గురించి బోధించారు. చాలా బాగా చెప్పారు. ఇక్కడే కూర్చుని విన్నాను."

ఎల్యాషీబు ఉన్నచోటే కూలబడ్డాడు. రోజూ తన మనసును మూలమూలలా గాలించుకునే మనిషి! దీపం కింద చీకటి అంటే ఇదే. గోడ ఆవల కన్నబిడ్డ పోతే తెలియని ఎరుక, అదేం ఎరుక? తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మరుసటి విశ్రాంతి దినాన అతడు బోధపీఠం ఎక్కలేదు. గోడ దగ్గర నిలబడి, "ఆవల ఎవరున్నారు?" అని అడిగాడు. ఆడవారు ఒక్కొక్కరే పేర్లు చెప్పారు. చివర షెలోమీతు వంతు వచ్చింది. ఆమె తన పేరు చెప్పలేదు.

"తిర్సా" అంది.

ఎల్యాషీబు బావురుమన్నాడు. ఆనాడు బోధ జరగలేదు.

నేటికీ ఇక్కడ బోధించ వచ్చినవాడు ఎంతటి పండితుడైనా ముందు గోడ దగ్గరకు వెళ్లి ఆవలివారి పేర్లు అడిగి తీరాలి. ఆఖరున ఎవరో ఒకరు, ఇక లేనివారి పేరు చెబుతారు. అది విన్నాకే బోధ మొదలుపెట్టాలి. అలా అడిగినవారికి జ్ఞానం సిద్ధిస్తుందని పెద్దల మాట. కొందరైతే ఆ పేరు వినగానే బోధ సంగతి మరచి నేరుగా ఇంటిదారి పట్టారు. అందరికంటే ముందు జ్ఞానం దక్కింది వారికేనని ఇక్కడివారి నమ్మకం.